బుగులుకో మీటరు

ములకలపల్లిలో మా బాబాయి బోరు మోటారు వేశాక వెంటనే చేలోకి నడవడు. స్టార్టర్ డబ్బా ముందు ఓ నిమిషం నిలబడి ఆంపియర్ల సూది చూస్తాడు. నీళ్లు అందకపోతే సూది జారిపోతుంది. మోటారు పట్టేస్తే పైకి ఎగబాకుతుంది. అంత లోతున ఏం జరుగుతోందో కంటికి కనపడదు, ఆ చిన్న సూది చెబుతుంది. చూసి మోటారు కట్టేస్తాడు, లేదంటే తల పంకించి పత్తిచేలోకి వెళ్తాడు. ముప్పై ఏళ్ల వ్యవసాయంలో ఆయన ఆ సూదిని చూసి భయపడింది లేదు.

అదే మనిషి భూమి కాగితం కోసం ఆఫీసు గడప తొక్కాలంటే ముందురోజు రాత్రి నుంచే నిద్ర ఉండదు. అరచేతులు చెమటలు పడతాయి, గొంతు ఆరిపోతుంది, అధికారి ముందు నిలబడగానే సర్వే నంబరు కూడా మర్చిపోతాడు. "పానమంతా బుగులుబుగులుగా ఉంటదిరా, ఎందుకో తెల్వదు" అనేవాడు. మా వైపు ఆందోళనకు అదే మాట, బుగులు. లోపల్లోపల తొలిచేదాన్ని రంధి అంటారు. మాటలకు కొదవ లేదు. కొలతే లేదు. బోరుకు మీటరుంది, బుగులుకు లేదు అనుకున్నాను నేను కూడా. ఉందని నాకు ముప్పై దాటాక తెలిసింది. దాని పేరు బయోఫీడ్‌బ్యాక్.

హైదరాబాదులో ఉద్యోగం చేసే రోజుల్లో నలుగురి ముందు మాట్లాడాల్సి వస్తే నా గుండె దడ నాకే వినపడేది. ఇక తట్టుకోలేక ఒక సైకాలజిస్టు దగ్గరికి వెళ్లాను. ఆమె నా రెండు వేళ్లకు చిన్న పట్టీలు చుట్టి, ఎదురుగా ఉన్న తెరమీద ఒక గీతను చూపించింది. అది నా అరచేతి చెమట. కంటికి కనపడనంత తేమ పెరిగినా చర్మంలోంచి కరెంటు కాస్త తేలిగ్గా పారుతుంది, గీత లేస్తుంది. "వంద నుంచి ఏడేసి తీసేస్తూ చెప్పండి" అంది. తొంభై మూడు, ఎనభై ఆరు... గీత లేచింది. ఆపమంది, దిగింది. "నిన్నటి మీటింగు తలచుకోండి" అంది. నేను కుర్చీలో కదల్లేదు, పెదవి విప్పలేదు. గీత మాత్రం లెక్క చేసినప్పటికంటే ఎత్తుకు లేచింది. అప్పటిదాకా నా భయం నా స్వభావమనుకున్నాను. అది లేచేదీ దిగేదీ అని, నేనేం తలచుకుంటున్నానో దాన్నిబట్టి కదిలేదని ఆ నిమిషంలో కళ్లారా చూశాను.

ఆ తర్వాత జరిగిందే ఈ వ్యాసానికి అసలు కారణం. గీతను కిందికి దించమంది. నేను పళ్లు బిగించి, కళ్లు మూసి, మనసులో "తగ్గు, తగ్గు" అనుకున్నాను. కళ్లు తెరిచి చూస్తే గీత ఇంకా పైనుంది. మళ్లీ ప్రయత్నించాను. ఇంకా పైకి. చెప్పొద్దూ, నాకు ఏడుపొచ్చినంత పనైంది. "దించొద్దు, ఊరికే చూడండి. భుజాలు వదిలేయండి, ఊపిరి మెల్లగా బయటికి పోనివ్వండి, అంతే" అందామె. రెండు నిమిషాలకు ఆ గీత తానే వాలిపోయింది.

మా అడవి పల్లెల్లో పుట్టినవాళ్లకు దీన్ని వేరే చెప్పనక్కర్లేదు. ఇప్పపువ్వును ఎవరూ కోయరు, ఎవరూ చెట్టును ఊపరు. తెల్లవారుజామున అది తానే రాలుతుంది. చెట్టు కింద ఆకులూ చెత్తా తీసి నేల శుభ్రం చేసి పెట్టుకోవడం, పొద్దున్నే గంప పట్టుకుని వెళ్లడం, మన పని అంతవరకే. మనసు నిమ్మళించడం కూడా అట్లాంటిదే. దాన్ని రప్పించలేం, వచ్చేందుకు చోటు చేయగలం. వ్యక్తిత్వ వికాసం పేరిట మనం ఎప్పుడూ పట్టుదల గురించే మాట్లాడుకుంటాం. చదువుకు, వ్యాపారానికి, వ్యాయామానికి పట్టుదల కావాలి. ఆందోళన విషయంలో మాత్రం పట్టుదల పెట్రోలులా పనిచేస్తుంది. అమెరికాలో మెనింగర్ ఫౌండేషన్‌లో బయోఫీడ్‌బ్యాక్ మీద ఏళ్ల తరబడి పనిచేసిన ఎల్మర్ గ్రీన్, అలిస్ గ్రీన్ దంపతులు ఈ ఒడుపునే నేర్పేవారు. కోరిక ఉంచుకో, కుస్తీ మాత్రం పట్టకు.

ఇదంతా పరాయి దేశంలో పుట్టిన సంగతి అనుకోకండి. దాని వేర్లలో కొన్ని మన దగ్గరివే. యోగులు గుండెను ఆపగలరన్న ప్రచారాన్ని పరీక్షించడానికి అమెరికా శాస్త్రవేత్తలు వెంగర్, బాగ్చీ 1950లలో యంత్రాలు వేసుకుని మన దేశం తిరిగారు. ఢిల్లీ ఎయిమ్స్‌కు చెందిన బి.కె. ఆనంద్‌తో కలిసి 1961లో ఫలితాలు ప్రచురించారు. గుండె ఆగలేదు. కొందరు ఊపిరి బిగబట్టి, ఛాతీ పొట్ట కండరాలు బిగించి, గుండెకు చేరే రక్తాన్ని తగ్గించేవారు. దాంతో నాడి చేతికి అందేది కాదు, స్టెతస్కోపుకు చప్పుడు వినపడేది కాదు. ఈసీజీ మాత్రం గుండె కొట్టుకుంటూనే ఉందని చూపించింది. మహిమ తేలిపోయింది. శరీరం లోపలి పనులను మనిషి కొంతమేరైనా తిప్పగలడా అన్న ప్రశ్న మాత్రం నిలబడింది. 1960లలో జో కమియా అనే శాస్త్రవేత్త మెదడు తరంగాలను జనానికి శబ్దంగా వినిపించి, వాటిని వాళ్లంతట వాళ్లే అదుపు చేసుకునేలా నేర్పాడు. 1969లో అమెరికాలోని శాంటా మోనికాలో ఈ పని చేసేవాళ్లంతా ఒక సంఘంగా ఏర్పడ్డారు. బయోఫీడ్‌బ్యాక్ అన్న మాట స్థిరపడింది అప్పుడే. తొలి ఉత్సాహంలో చెప్పినవన్నీ నిలవలేదు. ఎలుకల మీద నీల్ మిల్లర్ బృందం చూపిన ఫలితాలు మళ్లీ చేసి చూస్తే రాలేదు. పొట్టు పోయింది, గింజ మిగిలింది.

మిగిలిన గింజ ఏమిటో చూద్దాం. భయం వేసినప్పుడు అడ్రినలిన్ విడుదలవుతుంది, వేళ్ల చివర రక్తనాళాలు ముడుచుకుంటాయి. అందుకే చేతులు చల్లబడతాయి. నుదురు, దవడ, మెడ కండరాలు మనకు తెలియకుండానే బిగుసుకుంటాయి. అరచేయి చెమ్మగిల్లుతుంది. ఊపిరి పైపైన, వేగంగా ఆడుతుంది. గుండె దడదడలాడుతుంది. వీటిలో ఏదో ఒకదాన్ని యంత్రం కొలిచి ఆ క్షణంలోనే మనకు చూపించడం, మనం దాన్ని చూస్తూ సర్దుకోవడం, బయోఫీడ్‌బ్యాక్ అంటే ఇంతే. మందు లేదు, సూది లేదు. యంత్రం మీ ఒంట్లోకి ఏదీ పంపదు, మీ ఒంట్లోంచి వచ్చేదాన్ని మీకే చూపిస్తుంది. బెంగళూరు నిమ్హాన్స్ లాంటి పెద్ద సంస్థల్లో దీన్ని చికిత్సలో భాగంగా వాడుతున్నారు.

వీటన్నిటిలో పెద్దవాళ్ల ఆందోళనకు బాగా పరిశీలించింది, ఇంట్లో చేసుకోవడానికి తేలికైనది గుండె లయ. మణికట్టు మీద బొటనవేలి వైపు మూడు వేళ్లు ఆనించి నాడి పట్టుకోండి. ఊపిరి మెల్లగా పీల్చండి, నాడి కాస్త వేగం పుంజుకుంటుంది. మెల్లగా వదలండి, నెమ్మదిస్తుంది. గుండె గడియారంలా ఒకే లెక్కన కొట్టుకోదు, ఆరోగ్యంగా ఉన్న గుండె ఊపిరితో పాటు ఊగుతుంది. కార్ల్ లుడ్విగ్ అనే జర్మన్ శాస్త్రవేత్త దీన్ని 1847లోనే రాసిపెట్టాడు. ఊపిరి వదిలేటప్పుడు వేగస్ అనే నరం గుండెకు కళ్లెం వేస్తుంది. ఆ కళ్లేన్ని మనం నేరుగా లాగలేం, ఊపిరి అనే పగ్గం మాత్రం మన చేతిలో ఉంది. వయసు మీదపడేకొద్దీ ఈ ఊగు తగ్గుతుంది కాబట్టి అరవై దాటినవాళ్లకు వేలికి తెలియకపోతే కంగారు పడాల్సిందేమీ లేదు.

నిమిషానికి దాదాపు ఆరు ఊపిరుల దగ్గర ఒక విశేషం ఉంది. మామూలుగా మనం పన్నెండు నుంచి ఇరవైసార్లు ఊపిరి తీస్తాం. దాన్ని ఆరుకు దించితే ఊపిరి ఊగూ, రక్తపోటును సర్దే వ్యవస్థ ఊగూ ఒకే తాళంలో పడతాయి. ఉయ్యాల ఊపేవాళ్లకు ఇది తెలుసు. సరైన క్షణంలో చిన్నగా తోస్తే చాలు, ఉయ్యాల ఎత్తుకు పోతుంది. పాల్ లేరర్, ఎవ్‌గెనీ వాషిలో అనే పరిశోధకులు ఈ లెక్క మీదే శిక్షణ పద్ధతిని తయారుచేశారు. కొందరికి అయిదు దగ్గర, కొందరికి ఆరున్నర దగ్గర కుదురుతుంది. 2017లో గోస్ల్, కర్టిస్, హాఫ్‌మన్ అనే ముగ్గురు 24 అధ్యయనాలను, మొత్తం 484 మందికి సంబంధించిన వివరాలను కలిపి చూస్తే, ఈ శిక్షణ పొందినవాళ్లలో ఒత్తిడి, ఆందోళన బాగా తగ్గినట్టు తేలింది. ఆ అధ్యయనాలు చాలావరకు చిన్నవే. అయినా ఖర్చు లేని, హాని తక్కువైన పద్ధతికి ఇది గట్టి ఆధారమే అంటాను.

ఇంకో సంగతి నన్ను బాగా కదిలించింది. 2001లో ఇటలీకి చెందిన లూచియానో బెర్నార్డి బృందం 23 మంది చేత లాటిన్ జపమాల ప్రార్థననూ, ఓం మణి పద్మే ఓం అనే మంత్రాన్నీ పలికించి చూసింది. రెండింటిలోనూ ఊపిరి దాదాపు నిమిషానికి ఆరుకే వచ్చి ఆగింది. మాకు భద్రాచలం దగ్గరే. భజనలో ఒకరు పాడుతుంటే మిగతావాళ్లు ఆగి, మళ్లీ అందుకుంటారు. ఆ పాటలో మీ ఊపిరి నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతోందో ఈసారి గడియారం చూసి లెక్కపెట్టండి. భక్తికి కొలత పెట్టమని చెప్పడం లేదు. మీ ఒంటికి ఏ లయ నచ్చుతుందో కనిపెట్టడానికి అంతకంటే మంచి చోటు మీకు దొరకదు.

ఇక పద్ధతి. వీపు నిటారుగా, భుజాలు వదులుగా కూర్చోండి. మంచమైనా, అరుగైనా సరే. మొదటి రెండు నిమిషాలు ఏమీ మార్చకుండా నాడి చూడండి. నిమిషానికి ఎన్నో ఒక కాగితం మీద రాసుకోండి. తర్వాత ముక్కుతో నాలుగు లెక్కపెట్టేలోపు పీల్చండి, ఆరు లెక్కపెట్టేలోపు వదలండి. పది సెకన్లకు ఒక ఊపిరి. పొట్ట మెత్తగా లేవాలి, ఛాతీ పొంగకూడదు. మొదట్లో రోజుకు అయిదు నిమిషాలు చాలు, నిలకడ వచ్చాక పది, ఇరవై. చివర్లో మళ్లీ నాడి చూసి మొదటి అంకె పక్కనే రాయండి. ఈ రాత దగ్గర బద్ధకించొద్దు. ఆ రెండు అంకెలే మీ మీటరు. పది రోజుల కాగితం ముందు పెట్టుకుంటే, ఏ రోజు రాత్రి నిద్ర పట్టలేదో, ఏ రోజు టీ ఎక్కువ తాగారో, ఏ రోజు ఎవరితో గొడవ పడ్డారో అది మీకే చెబుతుంది.

కోవిడ్ రోజుల్లో కొన్న పల్స్ ఆక్సీమీటర్ ఇంట్లో మూల పడి ఉంటే తీసి తుడిచి వాడుకోండి. వేలికి తగిలిస్తే అంకె కనపడుతుంది. అది గత కొన్ని సెకన్ల సగటు చూపిస్తుంది కాబట్టి ఒక్కో ఊపిరికీ అంకె మారలేదని నిరాశపడొద్దు. చేతులు చల్లగా ఉన్నాయో వెచ్చగా ఉన్నాయో తెలుసుకోవడానికి వేళ్ల చివరలు చెంపకు ఆనించుకుంటే చాలు. జ్వరం చూసే థర్మామీటరు దీనికి పనికిరాదు. పాదరసం ఒకసారి ఎక్కితే విదిలించేదాకా దిగదు. డిసెంబరు పొద్దున అడవి గాలికి ఎవరి చేతులైనా చల్లగానే ఉంటాయి, దాన్ని బుగులు ఖాతాలో వేయకండి.

ఒక పొరపాటు దాదాపు అందరూ చేస్తారు, అందుకే కాసేపు ఇక్కడ ఆగుతాను. గాభరా పడుతున్న మనిషిని చూస్తే మనం వెంటనే అనే మాట "గట్టిగా ఊపిరి పీల్చుకో" అని. మంచి మనసుతోనే అంటాం, కానీ సలహా తప్పు. గాభరాలో ఉన్నవాళ్లు అప్పటికే అవసరానికి మించి ఊపిరి తీస్తుంటారు. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది, దాంతో తల తిరుగుతుంది, వేళ్లూ పెదవులూ తిమ్మిరెక్కుతాయి, ఊపిరి ఆడనట్టే అనిపిస్తుంది. అది చూసి ఇంకా భయం, ఇంకా గట్టి ఊపిరి. కావలసింది గట్టిది కాదు, నెమ్మదైనది, చిన్నది. ఉడుకు టీని ఊదుకున్నంత మెత్తగా వదలమనండి. సాధన చేసేటప్పుడు మీకు తల తిరిగినా అర్థం అదే. ఎక్కువ పీలుస్తున్నారు, తగ్గించండి.

ఇంకో మెలిక. కొందరికి నాడి చూసుకోవడమే రంధిగా మారుతుంది. గంటకోసారి వేలికి ఆక్సీమీటరు, అంకె రెండు పెరిగితే గుండెపోటేమోనన్న భయం. నేనూ కొన్నాళ్లు అలా చేశాను. మీటరు నేర్చుకోవడానికి, కాపలాకు కాదు. రోజుకు ఒకసారి, సాధనకు ముందూ తర్వాతా, అంతకు మించి తాకకండి. ఒకటి రెండు నెలల తర్వాత అది లేకుండానే ఊపిరి తనంత తాను దారిలో పడాలి. మా బాబాయి కూడా ఇప్పుడు కొన్నిసార్లు సూది చూడకుండా మోటారు మోత వినే నీళ్లు అందుతున్నాయో లేదో చెప్పేస్తాడు.

గుండె దడ అన్నదల్లా ఆందోళన కాదు. రక్తం తక్కువైనా, థైరాయిడ్ ఎక్కువైనా నాడి పరుగెడుతుంది. ఏజెన్సీ పల్లెల్లో ఆడవాళ్లకు రక్తహీనత ఎంత ఉందో చూస్తూనే ఉన్నాం. కాబట్టి ముందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తపరీక్ష చేయించుకోండి. ఛాతీలో నొప్పి, చేతికి పాకే నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం ఉంటే ఊపిరి లెక్కలు పక్కన పెట్టి పరుగున ఆసుపత్రికి వెళ్లాలి. డాక్టరు రాసిన మాత్రలు ఈ సాధన మొదలుపెట్టామని సొంతంగా ఆపకూడదు. నిద్ర, తిండి, పని అన్నీ దెబ్బతిన్నా, బతకాలనిపించకపోయినా 14416కు ఫోన్ చేయండి. 2022 అక్టోబరు 10న మొదలైన టెలిమానస్ అది, ప్రభుత్వానిది, ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు. నిమ్హాన్స్ 2015–16లో చేసిన జాతీయ సర్వేలో రకరకాల మానసిక సమస్యలున్న ప్రతి వందమందిలో 70 నుంచి 92 మందికి చికిత్స అందడం లేదని తేలింది. సిగ్గుపడి ఆ సంఖ్యలో మీరూ ఒకరు కావొద్దు.

నాకు చాలామంది వేసిన ప్రశ్న ఒకటుంది. "అప్పు ఉంది, కాగితం రాలేదు, పిల్లకు పెళ్లి కాలేదు. ఊపిరి తీస్తే ఇవన్నీ తీరతాయా?" తీరవు. పోడు భూమికి పట్టా లేదన్న దిగులును ఏ ఊపిరీ పట్టాగా మార్చదు. అట్లా మార్చుతుందని ఎవరైనా చెబితే వాళ్లకు డబ్బులివ్వకండి. కానీ దిగులు వేరు, దిగులు వల్ల నోరు పడిపోవడం వేరు. మొదటిదానికి కారణం బయట ఉంది, దానితో బయటే పోరాడాలి. ఆ పోరాటానికి వెళ్లే మనిషి కాళ్లు వణకకుండా నిలబడటం మాత్రం ఒంట్లో జరిగే పని. అది నేర్చుకోవచ్చు. నేర్చుకోవచ్చన్న నమ్మకమే లేకపోవడం వల్ల మా ఊళ్లలో ఎంతమంది తమ హక్కును అడగకుండా గుమ్మం దాకా వెళ్లి తిరిగి వచ్చారో నాకు తెలుసు.

పోయిన వేసవిలో ఊరెళ్లినప్పుడు బాబాయి మణికట్టు మీద ఆయన వేళ్లే పెట్టించాను. మొదట నవ్వాడు. "నాడి చూసేది వైద్యుడు కదరా" అన్నాడు. పీల్చమన్నాను, వదలమన్నాను. నాలుగో ఊపిరికి నవ్వు ఆపి, "ఏందిరా ఇది, ఇడిసినప్పుడు మెల్లగైతాంది" అన్నాడు. అచ్చం మోటారు సూదిని చూసినట్టే తల పంకించాడు. సాయంత్రం పూట బర్రెలకు నీళ్లు పెట్టి వచ్చి అరుగు మీద కూర్చుని చేసేవాడు. మొదటి వారం నాడి దిగలేదని చిరాకు పడ్డాడు. "దించొద్దు బాబాయ్, ఇప్పచెట్టును ఊపుతావా?" అన్నాను. మళ్లీ చిరాకు పడటం నేను వినలేదు.

తర్వాత నెలలో ఒక సోమవారం అర్జీ పెట్టడానికి బస్సెక్కాడు. పాల్వంచ దాటేదాకా కుడిచేతి వేళ్లు ఎడమ మణికట్టు మీదే ఉన్నాయట. వరుసలో గంటన్నర నిలబడ్డాడు. చేతులు చెమట పట్టాయని, తువ్వాలతో తుడుచుకుని మళ్లీ ఆరు లెక్కపెట్టానని సాయంత్రం ఫోన్‌లో చెప్పాడు. సర్వే నంబరు, విస్తీర్ణం, హద్దులు మూడూ తడబడకుండా చెప్పాడట.

"పనైందా బాబాయ్?"

"అర్జీ తీస్కున్నరు. ఇంకో తారీఖు ఇచ్చిన్రు. మళ్ల పోత."